మందిరములో ఇల్లు కొనుట



అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉంటున్న పిల్లల దగ్గరకు వెళ్ళి వచ్చిన తల్లిదండ్రులు కొందరు ఒక మాట అడుగుతుంటారు. "అయ్యగారూ, అక్కడ పాత చర్చిలను అమ్మేస్తున్నారు. వాటిని ఫ్లాట్లుగా చేసి మళ్ళీ అమ్ముతున్నారు. మావాడు అలాంటి ఇల్లొకటి చూశాడు. కమాను కిటికీలు, రంగు అద్దాలు, ఎత్తైన కప్పు, చూడముచ్చటగా ఉంది. కొనవచ్చునా? ప్రార్థన జరిగిన చోట పొయ్యి పెట్టుకోవచ్చునా, మంచం వేసుకోవచ్చునా?"

కొనవచ్చు అనో, వద్దు అనో ఒక్క మాటలో చెప్పి ఊరుకోవచ్చు. అయితే అసలు ఆ మందిరాలు ఎలా కట్టబడినవో, ఎందుకు అమ్ముడైనవో తెలియకుండా ఇచ్చే జవాబుకు విలువ లేదు. అందుకని ఈ దినము మిమ్మల్ని బోస్టన్ పట్టణమునకు తీసుకువెళ్తాను. లండన్, ఆమ్‌స్టర్‌డామ్ పట్టణాలలో ఇంతకంటె పాత మందిరాలు ఉన్నవి. అయినా బోస్టన్ పట్టణాన్ని ఎంచుకోవడానికి కారణముంది. నెల్లూరు, ఒంగోలు సంఘాలను నాటిన బాప్టిస్టు మిషనెరీలకు జీతాలు అక్కడి కార్యాలయము నుండి వచ్చేవి. మొదటి మిషనెరీ శామ్యూల్ డే గారు 1835లో ఓడ ఎక్కింది కూడా ఆ రేవులోనే. ఆయన 1836లో మన దేశములో అడుగుపెట్టి, 1840లో నెల్లూరు చేరారు.

మొదట అందరికీ తెలిసిన పేరుతో ప్రారంభిద్దాం. డి. ఎల్. మూడీ గారు. 1855 ఏప్రిల్ నెలలో, బోస్టన్‌లో తన మామగారి చెప్పుల దుకాణములో పనిచేస్తున్న ఆ పదునెనిమిదేండ్ల కుర్రవాని దగ్గరకు ఎడ్వర్డ్ కింబాల్ అనే సండేస్కూల్ టీచరు వచ్చి, దుకాణము వెనుక గదిలో అతని భుజము మీద చెయ్యివేసి ప్రభువు ప్రేమను గూర్చి చెప్పారు. ఆ కింబాల్ గారిది మౌంట్ వెర్నన్ సంఘము. "మూడీ గారు రక్షణ పొందిన చర్చిని అపార్ట్‌మెంటు చేసేశారట" అని కొందరు బాధపడుతూ చెప్పడం విన్నాను. ఇందులో కొంతే నిజము. మూడీ గారు రక్షణ పొందింది దుకాణములో. అప్పట్లో ఆ సంఘపు మందిరము యాష్‌బర్టన్ ప్లేస్ అనే వీధిలో ఉండేది. బోధలో ఏమీ తెలియదని పెద్దలు ఆయన సభ్యత్వాన్ని వాయిదా వేసి, 1856లో చేర్చుకున్నారు. ఇప్పుడు ఇండ్లుగా మారిన మందిరము ఆ తరువాత ముప్పై అయిదేండ్లకు గాని కట్టబడలేదు.

అది ఎక్కడ కట్టబడిందో చూస్తే, ఎందుకు ఖాళీ అయిందో కూడా కొంత తెలుస్తుంది. బోస్టన్ పడమటి వైపున బ్యాక్ బే అని ఒక ప్రాంతముంది. ఒకప్పుడు అది ఆటుపోట్లకు మునిగి తేలే బురద నేల. 1850ల చివరి నుండి రైలు బండ్లతో కంకర తెచ్చిపోసి, కొన్ని దశాబ్దాలపాటు పూడ్చి, వీధులు తీర్చారు. ధనవంతులు అక్కడికి తరలిపోయారు. సభ్యులు పోయిన చోటికి సంఘాలు కూడా పోయాయి. పాత మందిరాన్ని అమ్మి, ఆ డబ్బుతో కొత్త చోట రాతి గోపురము లేపేవారు. మౌంట్ వెర్నన్ సంఘము కూడా 1890ల ఆరంభములో బీకన్ స్ట్రీట్, మసాచుసెట్స్ అవెన్యూ కలిసే మూలలో కొత్త మందిరము కట్టుకుంది. అంటే చర్చిని అమ్మడమన్నది ఈనాటి అవిశ్వాసులు కనిపెట్టిన పని కాదు, నిండుగా ఉన్న సంఘాలు కూడా చేసిన పనే. తేడా ఏమిటంటే, ఆనాడు అమ్మి ఇంకొకటి కట్టేవారు. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత కుటుంబాలు కార్లు కొనుక్కొని శివార్లకు వెళ్ళిపోయినప్పుడు, ఆ పెద్ద గోపురాలను వెంట తీసుకుపోయేవారు లేకపోయారు.

మౌంట్ వెర్నన్ సంఘస్థులు 1970లో ఓల్డ్ సౌత్ అనే మరొక సంఘములో కలిసిపోయారు. 1978లో ఆ మందిరము అగ్నికి ఆహుతి అయింది. గోపురము, రెండు వైపుల గోడలు మిగిలాయి. గ్రాహం గండ్ అనే వాస్తుశిల్పి ఆ గోడలను కూల్చకుండా నిలబెట్టి, వాటికి ఆనుకొని కొత్త ఇటుక కట్టడము లేపి, మధ్యలో మందిరపు లోపలి స్థలాన్ని ఆరుబయట తోటగా వదిలేశారు. 1983లో పూర్తయిన ఆ కట్టడానికి చర్చ్ కోర్ట్ అని పేరు. నలభైకి పైగా ఇండ్లున్నవి. నా మట్టుకు నాకు ఇలాంటి మార్పులలో ఇది మర్యాదగా జరిగినదనిపిస్తుంది. సంఘము కూర్చున్న నేల మీద ఎవరి వంటగదీ లేదు. అక్కడ చెట్లున్నవి, ఆకాశముంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను.

చర్చి లోపల చదరపు అడుగులు కొలిచి, దస్తావేజు వ్రాసి అమ్మడము 1980లలో మొదలైనదని మనము అనుకుంటాం. కాదు. అది బోస్టన్‌లో రెండు వందల ఏండ్లకు పూర్వమే ఉంది. అప్పుడు అమ్మింది ఫ్లాటును కాదు, బెంచీని.

ఆ రోజులలో మందిరము కట్టాలంటే బెంచీలు అమ్మి డబ్బు పోగుచేసేవారు. పాత మందిరాలలో అవి ఇప్పటిలాంటి బల్లలు కావు. నడుము ఎత్తు చెక్క గోడలు, ఒక చిన్న తలుపు, లోపల కుటుంబమంతా కూర్చునే పెట్టెలాంటి గది. చలికాలములో కాళ్ళ దగ్గర నిప్పుల పెట్టె పెట్టుకునేవారు. ప్రతి బెంచీకి నంబరు, ధర, దస్తావేజు ఉండేవి. అమ్ముకోవచ్చు, అద్దెకివ్వవచ్చు, చనిపోతే వారసులకు రాయవచ్చు. సంఘపు ఖర్చులకు బెంచీ యజమాని ఏటా పన్ను కట్టాలి. ప్రసంగ వేదికకు దగ్గరవి, నలుగురి కంటా పడేవి ఎక్కువ ధర. బీదవారికి మూలలు. నల్లజాతివారికి పైన గ్యాలరీ. బోస్టన్ పట్టణములో ఎవరెవరు ఏపాటివారో తెలుసుకోవాలంటే ఆదివారము ఉదయము మందిరములో ఒక చూపు చూస్తే చాలును.

1830లలో చార్లెస్ స్ట్రీట్ బాప్టిస్టు మందిరములో ఒక సంగతి జరిగింది. 1807లో కట్టిన ఆ మందిరములో తిమోతి గిల్బర్ట్ అనే విశ్వాసికి సొంత బెంచీ ఉంది. పియానోలు తయారుచేయడము ఆయన వృత్తి. బానిసత్వము పోవాలని పోరాడినవాడు. ఒక ఆదివారము ఆయన కొందరు నల్లజాతి మిత్రులను వెంటపెట్టుకొని వచ్చి తన బెంచీలో తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. బెంచీ ఆయనది, డబ్బు ఆయనది. అయినా సంఘము ఊరుకోలేదు. ఆయనను వెలివేసింది. చార్లెస్ నదిలో బాప్తిస్మాలు ఇచ్చిన సంఘమే ఈ పని చేసింది.

గిల్బర్ట్ గారు మరికొందరితో కలిసి 1839లో కొత్త సంఘము ప్రారంభించారు. అందులో బెంచీలు అమ్మరు, అద్దెకివ్వరు. నల్లవారు, తెల్లవారు, ధనికులు, దరిద్రులు ఎవరు వచ్చి ఎక్కడ కూర్చున్నా అడిగేవారు లేరు. 1843లో వారు ట్రెమాంట్ థియేటర్ అనే నాటకశాలను కొని మందిరముగా మార్చుకున్నారు. చర్చి ఇల్లైనందుకు మనము ముక్కున వేలేసుకుంటున్నాం గదా, ఇక్కడ నాటకశాల చర్చి అయింది! అదే ట్రెమాంట్ టెంపుల్. మూడుసార్లు తగలబడినా మళ్ళీ కట్టారు. ఇప్పుడున్న కట్టడము 1896 నాటిది. అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ యూనియన్ కార్యాలయము ఏండ్ల తరబడి ఆ ట్రెమాంట్ టెంపుల్‌లోనే ఉండేది. ఒంగోలు నుండి జాన్ క్లౌ దొరగారు పంపిన ఉత్తరాలు చేరింది అక్కడికే.

ఆ క్లౌ గారికి ఒంగోలులో ఎదురైనది కూడా, ఒక విధముగా, ఈ బెంచీ ప్రశ్నే. 1867లో తాళ్ళకొండపాడు నుండి యెర్రగుంట్ల పేరయ్యగారు, ఆ వెనుక మాదిగ విశ్వాసులు వస్తుంటే, ఊరి పెద్ద కులాలవారు వచ్చి "వీరిని చేర్చుకోకపోతే మేము వస్తాం" అన్నారు. క్లౌ గారు, ఆయన భార్య, వేరు వేరు గదులలో ప్రార్థించి వాక్యము తెరువగా ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయములోని ఒకే భాగము వచ్చినదని క్లౌ గారు వ్రాసుకున్నారు. లోకములో ఎన్నికలేని వారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన భాగమది. ఆ తరువాత జరిగినది మీకు తెలిసినదే. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు.

సరిగ్గా ఆ సంవత్సరాలలోనే బోస్టన్ సౌత్ ఎండ్ ప్రాంతములో క్లారెండన్ స్ట్రీట్ బాప్టిస్టు సంఘానికి ఎ. జె. గోర్డన్ గారు కాపరిగా ఉన్నారు. బర్మా మిషనెరీ అదోనిరామ్ జడ్సన్ గారి పేరే ఆయనకు పెట్టారు. 1869లో వచ్చి, 1895 ఫిబ్రవరిలో చనిపోయేవరకు ఆ ఒక్క సంఘములోనే ఉన్నారు. మిషనెరీ యూనియన్ కార్యనిర్వాహక సంఘానికి చివరి సంవత్సరాలలో అధ్యక్షులు కూడా ఆయనే. అంటే మన నెల్లూరు, ఒంగోలు, రామపట్నము పనులకు సంబంధించిన నిర్ణయాలు ఆయన చేతుల మీదుగా నడిచాయి.

ఆయన వచ్చేనాటికి క్లారెండన్ స్ట్రీట్ మందిరము కొత్తది. గొప్ప కుటుంబాలు, అద్దె బెంచీలు, జీతమిచ్చి పెట్టుకున్న నలుగురు గాయకులు. గోర్డన్ గారికి ఇది మనస్కరించలేదు. 1877లో మూడీ గారి కూటములకు వేసిన పెద్ద పందిరి ఈ మందిరానికి కూతవేటు దూరములోనే ఉండేది. అక్కడ మారుమనస్సు పొందిన తాగుబోతులు, పనిలేనివారు గుంపుగా ఈ సంఘములోనికి వచ్చారు. వారికి బెంచీ అద్దె ఎక్కడిది?

ఆయన తనకు వచ్చిన ఒక కలను గూర్చి వ్రాశారు. శనివారము రాత్రి ప్రసంగము సిద్ధపరచి అలసి నిద్రపోయారు. కలలో మందిరము నిండుగా ఉంది. ఒక అపరిచితుడు లోపలికి వచ్చి, నడవ వెంట నెమ్మదిగా నడుస్తూ, ఎవరైనా చోటిస్తారా అన్నట్లు ఇటూ అటూ చూస్తున్నాడు. సగము దూరము వచ్చాక ఒకాయన లేచి తన బెంచీలో చోటిచ్చాడు. ఆరాధన అయ్యాక గోర్డన్ గారు అతన్ని కలుసుకోవాలని వస్తే, అప్పటికే వెళ్ళిపోయాడు. ఎవరాయన అని పక్కనున్నవారిని అడిగితే, నజరేయుడైన యేసు అని జవాబు. ఆ మీదట ఆయనకు పట్టుకున్న దిగులంతా, మన మందిరపు సోకు, మన కూలి పాట, మన అద్దె బెంచీలు చూసి ఆయన ఏమనుకొని ఉంటాడోనని. ఆ అద్దెలు ఎత్తివేయించడానికి ఆయనకు ఎన్నో ఏండ్లు పట్టింది. సంఘపు పెద్దలు అంత సులభముగా ఒప్పుకోలేదు. చివరకు ఒప్పుకున్నారు. బెంచీలన్నీ అందరివీ అయ్యాయి.

ఆ మందిరము కూడా 1982లో తగలబడింది. గోడలు నిలిచాయి. 1980లలోనే దానిని కాండోమినియం ఇండ్లుగా మార్చారు. ఏ నేల మీద అద్దె వద్దని ఒక దైవజనుడు ఏండ్ల తరబడి పోరాడాడో ఆ నేలను మళ్ళీ కొలిచి, నంబర్లు వేసి, దస్తావేజులు వ్రాశారు. నాకు దుఃఖము కలిగించేది ఇది. ఇల్లు కొన్నవాని తప్పు ఇందులో ఏమీ లేదు. కాలిపోయిన కట్టడాన్ని కూలిపోకుండా నిలబెట్టింది ఆ డబ్బే గదా.

గిల్బర్ట్ గారిని వెలివేసిన చార్లెస్ స్ట్రీట్ మందిరము ఏమైందని మీరు అడగవచ్చు. 1876లో దానిని కొన్నది నల్లజాతివారి ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘము! గ్యాలరీలో కూర్చోమన్న చోట వారు 1939 వరకు ఆరాధన జరుపుకున్నారు. 1980ల ఆరంభములో అది దుకాణాలు, ఆఫీసులు, నివాసముగా మారింది.

బోస్టన్‌లో పాత చర్చిలు ఇంకా నిలబడి ఉండడానికి మరొక కథ కారణము. మౌంట్ వెర్నన్‌వారు కలిసిన ఓల్డ్ సౌత్ సంఘానిదే ఆ కథ. 1729లో కట్టిన వారి పాత మందిరములోనే 1773 డిసెంబరు 16న టీ పన్ను మీద మహాసభ జరిగి, జనము నేరుగా రేవుకు పోయి టీ పెట్టెలను నీళ్ళలో పోశారు. తరువాత ఇంగ్లీషు సైనికులు కక్షతో దానిలోని బెంచీలు పీకి, మట్టి పోసి, గుర్రాల స్వారీకి వాడారు. అంతటి మందిరాన్ని, సంఘము కాప్లీ స్క్వేర్‌కు తరలిపోయాక, 1876లో వేలములో 1,350 డాలర్లకు పాత సామాను కింద అమ్మేశారు. కూల్చివేత మొదలు కూడా అయింది. ఊరి పౌరులు, ముఖ్యముగా స్త్రీలు, అడ్డుపడి చందాలు పోగుచేసి దానిని కొని నిలబెట్టారు. పాత కట్టడాన్ని కాపాడవలెనన్న ఆలోచన ఆ ప్రాంతములో అప్పటినుండే బలపడింది. బ్యాక్ బేను 1966లో, సౌత్ ఎండ్‌ను 1983లో చట్టము ద్వారా రక్షిత ప్రాంతాలుగా ప్రకటించారు. అందువల్లనే ఖాళీ అయిన చర్చిని కొన్న బిల్డరు దానిని నేలమట్టము చేయలేక, గోడలు ఉంచి లోపల ఇండ్లు కడుతున్నాడు.

బాప్టిస్టు, కాంగ్రిగేషనల్ సంఘాలలో మందిరము అమ్మాలంటే సభ్యులే ఓటు వేయాలి. రోమన్ కథోలికులలో అలా కాదు. బిషప్పు ఆజ్ఞ కావాలి. వారి సంఘ చట్టము 1222వ విధి ప్రకారము, ఆలయాన్ని లౌకిక వాడకానికి విడువవచ్చు గాని నీచమైన వాడకానికి విడువకూడదు. బలిపీఠము, పవిత్ర వస్తువులు ముందుగా తీసివేస్తారు. ఇల్లు లౌకికమే గాని నీచము కాదు. 2004లో బోస్టన్ ఆర్చ్‌డయోసిస్ డజన్ల కొద్దీ ఆలయాలను మూసివేస్తామన్నప్పుడు, సిట్యుయేట్ అనే ఊరిలో ఒక ఆలయపు సభ్యులు వంతులు వేసుకొని రాత్రింబగళ్ళు లోపలే ఉండిపోయారు. ఒకటి రెండు వారాలు కాదు, 2016 మే నెల వరకు, పదకొండేండ్లకు పైగా! వాటికన్‌కు మొరపెట్టారు, న్యాయస్థానాలకు వెళ్ళారు, ఓడిపోయారు. సౌత్ ఎండ్‌లో జర్మన్ వలసదారులు 1870లలో గులకరాయి కలిసిన రాక్స్‌బరీ రాతితో కట్టుకున్న హోలీ ట్రినిటీ ఆలయము 2008లో మూతపడింది. ఇప్పుడు ఆ రాతి గోడల మధ్యనుండి గాజు అంతస్తులు పైకి లేచి ఉన్నవి. ద లూకస్ అని పేరు పెట్టారు. దానిని చూసినప్పుడు చర్చ్ కోర్ట్ చూసినంత ఊరట కలుగదు. ఇది నా అభిరుచి మాత్రమే.

ఇక కొనదలచిన పిల్లలకు నాలుగు మాటలు. అలాంటి ఇంట్లో కప్పు ఎత్తు చాలా ఎక్కువ గనుక బిల్డరు మధ్యలో అంతస్తులు వేస్తాడు. కిందివారికి కిటికీ అడుగు భాగము, పైవారికి కమాను వస్తుంది. రంగు అద్దాలు అందమే గాని వెలుతురు తక్కువ. వేడి పైకి పోతుంది గనుక చలికాలపు ఖర్చు ఎక్కువ. కిటికీ చట్రము మార్చాలన్నా రక్షిత ప్రాంతపు కమిషన్ అనుమతి కావాలి. మన అపార్ట్‌మెంట్లలో భూమికి విభజించని వాటా ఉన్నట్టే, అక్కడ మాస్టర్ డీడ్ ప్రకారము పలకరాతి కప్పు, గోపురము అందరి ఉమ్మడి ఆస్తి. గోపురానికి బీట పడితే, అందులో అడుగుపెట్టని వాడు కూడా తన వంతు చెల్లించాలి. కొనకముందే అసోసియేషన్ నిధిలో ఎంత ఉందో, కప్పు చివరిసారి ఎప్పుడు బాగుచేశారో అడగాలి. ఆవరణలో సమాధులున్నాయా, ఉంటే వాటి హక్కులు ఎవరివి అన్నది లాయరుతో చూపించుకోవాలి.

పాపమా అన్న ప్రశ్నకు, ఆ పాత కాంగ్రిగేషనల్ విశ్వాసులు తమ కట్టడాన్ని దేవాలయము అనైనా అనలేదని గుర్తుచేస్తాను. మీటింగ్ హౌస్ అన్నారు. ఊరి సభలు కూడా అందులోనే జరుపుకున్నారు. సొలొమోను సైతము తాను కట్టిన మందిరము దేవునికి సరిపోదని ప్రతిష్ఠ దినముననే ఒప్పుకున్నాడు, మొదటి రాజుల గ్రంథము ఎనిమిదవ అధ్యాయము చదవండి. గనుక అక్కడ కాపురముండుట పాపమని నేను చెప్పలేను. అయితే అమ్మిన సంఘము ఏమైంది, ఆ డబ్బు ఎటు పోయింది అని మీ పిల్లలను కనుక్కోమనండి. మౌంట్ వెర్నన్ సంగతి తెలుసుకోవడము కష్టము కాదు. చర్చ్ కోర్ట్ నుండి ఒక మైలు లోపే కాప్లీ స్క్వేర్ ఉంది. వారు వెళ్ళి కలిసిన ఓల్డ్ సౌత్ సంఘము అక్కడ నేటికీ ఆదివారము ఆరాధన జరుపుకుంటున్నది. కూర్చోవడానికి బెంచీ కొననక్కరలేదు.